ఒక బకెట్టుకి ఒక పేరు

కామెర్లతో మూడు నెలలు మంచం పట్టిన శాంతికుమార్, ఏప్రిల్ నెలలో ఒక సోమవారం పొద్దున మళ్ళీ గోదావరి గట్టు ఎక్కాడు. కళ్ళలో పసుపు పోయింది గాని ఒంట్లోకి సత్తువ ఇంకా తిరిగి రాలేదు. నడుస్తుంటే కాళ్ళు తనకంటే ఒక అడుగు వెనకగా వస్తున్నట్టుంది. చెవుల్లో సన్నటి హోరు. గట్టు మీది తుమ్మచెట్లు, కింద ఇసుక తిన్నెలు, అవతలి ఒడ్డున పొద్దుటి మసకలో తేలుతున్న రాజమండ్రి, అన్నీ పల్చటి బట్ట వెనకనుంచి చూస్తున్నట్టు కదులుతున్నాయి.

డాక్టరు ఇంకో నెల ఆగమన్నాడు. ఆగితే పడవలో వంతు పోతుంది. మూడు నెలలు దాటి రేవుకి రానివాడి పేరు తీసేసి, పడవల సొసైటీవాళ్ళు ఆ వంతు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని. నలభై ఆరేళ్ళ వయసులో మరో పని నేర్చుకునే ఓపిక అతనికి లేదు.

పక్కనే అతని భార్య తబిత తట్ట చంకన పెట్టుకుని నడుస్తోంది. ఆమె పని రేవులో. పడవలు తెచ్చిన ఇసుకని తట్టలకెత్తి ఒడ్డున గుట్ట పోసే ఆడవాళ్ళలో ఆమె ఒకతె.

"ఇవాళ సగం పడవకే వచ్చెయ్యి" అంది. "నిండకపోతే ఎవరూ ఏమీ అనరు."

"చూద్దాంలే."

"చూద్దాంలే కాదు. ఊపిరి చాలకపోతే పైకి వచ్చెయ్యాలి. దేవుడు నీళ్ళ అడుగునే ఉంటాడని ఎవరూ చెప్పలేదు. పడవ మీద కూడా ఉంటాడు."

శాంతికుమార్ నవ్వాడు. రేవు దగ్గర తబిత ఆగిపోయింది. అతను మలుపు తిరిగి, తుంగ పెరిగినచోట కట్టేసి ఉన్న పడవ వైపు నడిచాడు.

కొవ్వూరు దిగువన ఇసుక తీసేవాళ్ళ పని చూడ్డానికి చాలా తేలిగ్గా ఉంటుంది. పాయ మధ్యలో పడవ ఆపి, పొడవాటి వెదురు గెడ నీళ్ళలోకి దించి అడుగున గుచ్చుతారు. ఒకడు ఇనప బకెట్టు పట్టుకుని, గెడ వెంబడి జారుతూ మూడు నిలువుల లోతుకి దిగుతాడు. అడుగున ఇసుక బకెట్టులోకి తోడి, దానికి కట్టిన తాడు ఒకసారి గుంజుతాడు. పడవ మీద ఉన్నవాడు తాడు లాగుతాడు. దిగినవాడు గెడ పట్టుకుని పైకి వచ్చి, నాలుగు ఊపిర్లు పీల్చి, మళ్ళీ దిగుతాడు. అంతే పని. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా అలా వంద సార్లు, నూటపది సార్లు. సాయంత్రానికి చెవుల్లోంచి నెత్తురు చారిక దిగడం కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళకి మామూలే. ఒంట్లో ఏ ఎముక ఎక్కడుందో రోజూ కొత్తగా తెలుస్తుంది.

ఆ పనిని శాంతికుమార్ ఇన్నేళ్ళు చేయగలిగింది కండబలంతో కాదు. అతనికొక పద్ధతి ఉంది. ఒక బకెట్టుకి ఒక పేరు. దిగేటప్పుడు ఒక మనిషిని తలుచుకుంటాడు. బకెట్టు నిండేదాకా ఆ మనిషిని ప్రభువు ముందు పెడతాడు. పైకి వచ్చి ఊపిరి తీసుకున్నాక ఇంకో మనిషి. మొదటి బకెట్టు తబితకి. రెండోది భీమవరంలో ఇంజనీరింగు చదువుతున్న కూతురికి. తర్వాత పాస్టరుగారికి, వీధి చివర ఇడ్లీలు అమ్మే ఆవిడకి, ఆవిడ కుంటి మనవరాలికి, బడి పంతులుగారికి, కిందటేడు కొడుకుని పోగొట్టుకున్న బస్సు కండక్టరుకి. తెలిసినవాళ్ళు, ముఖం తప్ప పేరు తెలియనివాళ్ళు. నీళ్ళలో ఉండగా పైన వంతెన మీద రైలు వెళితే అడుగున ఇసుక సన్నగా వణుకుతుంది. అప్పుడు ఆ బకెట్టు రైల్లో ఉన్న అందరికీ కలిపి. ఎక్కడివాళ్ళో, ఎక్కడికి పోతున్నారో అతనికి తెలియదు. క్షేమంగా చేర్చు ప్రభువా, అనుకుంటాడు.

ఇది అతని తల్లి రత్తమ్మ నేర్పిన విద్య. ఆమె నిడదవోలు కాలవ కింద చేలల్లో నాట్లు వేసేది. పొద్దున్నుంచి నడుం వంచి బురదలో వెనక్కి వెనక్కి నడుస్తూ, ఒక్కో మునుంకి, అంటే నాటే ఒక్కో వరసకి, ఒక్కో మనిషి పేరు పెట్టుకునేది. "ఎవరినో మోస్తున్నప్పుడు మన బరువు మనకి తెలీదురా" అనేది. చిన్నప్పుడు అతనికి ఆ మాట అర్థం కాలేదు. మొదటిసారి గోదావరి అడుగున నిలబడినప్పుడు అర్థమైంది.

పడవ దగ్గరికి వెళ్ళేసరికి అందులో వేంకటేశ్వర్లు లేడు. పడవ ఆయనదే. పదిహేనేళ్ళుగా శాంతికుమార్ దిగితే పైన తాడు పడుతున్నది ఆయనే. ఆయన బదులు అంచు మీద ముప్పై రెండేళ్ళ మనిషి తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. అడుగుల చప్పుడుకి లేచి నిలబడ్డాడు.

గున్నేశ్వరరావు.

శాంతికుమార్ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"వేంకటేశ్వర్లు గారు పంపారండి" అన్నాడు గున్నేశ్వరరావు. "కంటికి ఆపరేషనైందంట. వారం దాకా తడి తగలకూడదంట. ఇంకెవరూ ఖాళీ లేరంట. మీరు వద్దంటే వెళ్ళిపోతానండి."

ఆరేళ్ళ కిందట ఇతను శాంతికుమార్‌ని బావా అని పిలిచేవాడు. తబిత తమ్ముడు యేసోబుకి ప్రాణ స్నేహితుడు. ఒకే పడవలో పనిచేసేవాళ్ళు. యేసోబు దిగేవాడు, గున్నేశ్వరరావు తాడు పట్టేవాడు; అప్పుడప్పుడు వంతులు మార్చుకునేవాళ్ళు. ఒక రోజు అడుగున తవ్విన గోతి అంచు విరిగి యేసోబు మీద పడింది. అతను తాడు గుంజాడు. పక్క పడవలోవాళ్ళు ఆ తాడు కదలడం చూశారు. ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు. గున్నేశ్వరరావు వీపు తిప్పి ఫోన్లో మాట్లాడుతున్నాడు. వాళ్ళు కేకలు వేసేదాకా తిరిగి చూడలేదు. ఇరవై ఆరేళ్ళ యేసోబుని పైకి తెచ్చేసరికి అతని నోటినిండా ఇసుక.

ఆ తర్వాత గున్నేశ్వరరావు తాడు పట్టలేదు, నీళ్ళలో దిగలేదు. ఎగువన ఇంకో రేవులో లారీలకి ఎత్తే పనిలో చేరాడు. తబిత అతను ఎదురైతే దారి మార్చేది. శాంతికుమార్ ఎవరితోనూ ఏమీ అనలేదు. కాని ఆరేళ్ళలో వేలకొద్దీ బకెట్లలో ఒక్కటి కూడా ఆ పేరుకి ఇవ్వలేదు. అది అతనికి తెలుసు. దేవుడికీ తెలుసనుకునేవాడు. ఇద్దరూ ఆ సంగతి ఎత్తేవాళ్ళు కాదు.

వెనక్కి పోతే వంతు పోతుంది. శాంతికుమార్ పడవలోకి ఎక్కి గెడ సర్దుకున్నాడు.

"ఇంజను వెయ్యి" అన్నాడు.

పడవ పాయ మధ్యకి చేరింది. ఎండ ఇంకా ఎరుపులోనే ఉంది. నీళ్ళ మీద కొంగల నీడలు పడుతున్నాయి. గున్నేశ్వరరావు తాడు కొసని తన నడుముకి రెండు చుట్లు చుట్టి ముడి వేసుకోవడం శాంతికుమార్ చూశాడు. చూడనట్టు ముఖం తిప్పుకుని, గుండెల మీద చెయ్యి వేసుకుని, కళ్ళు మూసుకున్నాడు. ప్రభువా, నా ఊపిరి నీది, అనుకుని దిగాడు.

పైన మూరెడు నీరు గోరువెచ్చగా, తేనె రంగులో ఉంటుంది. దాని కింద పచ్చగా మారుతుంది. ఇంకా దిగితే చల్లగా, సాయంకాలం వెలుతురులా మసకగా ఉంటుంది. చివరికి పాదాలకి ఇసుక తగులుతుంది. మెత్తగా, ఎవరో ఇంతకుముందే నడిచి వెళ్ళినట్టు అలలు అలలుగా. మూడు నెలలు మంచం మీద కలల్లో అతను తిరిగింది ఇక్కడే. అందుకే కిందికి వచ్చాక, ఇది మెలకువో కలో కాసేపు తేల్చుకోలేకపోయాడు.

తబిత అనుకున్నాడు. బకెట్టు నింపాడు. తాడు గుంజాడు. గుంజీ గుంజకముందే అది పైకి లేచింది.

రెండో బకెట్టు కూతురికి. మూడోది పాస్టరుగారికి. నాలుగో బకెట్టుకి దిగినప్పుడు పేరు రాలేదు. ఇడ్లీలమ్మే ఆవిడ పొయ్యి కనిపించింది, పొయ్యి మీద ఆవిరి కనిపించింది, ఆవిడ ముఖం మాత్రం ఆవిరిలో కరిగిపోయింది. జబ్బు మనుషులందరినీ కడిగేసింది. పైకి వచ్చి గెడ పట్టుకుని రొప్పాడు. ఛాతీలో ఎవరో పిడికిలి బిగించినట్టుంది.

"ఆగండి కాసేపు" అన్నాడు గున్నేశ్వరరావు.

శాంతికుమార్ మళ్ళీ దిగాడు.

పది. పన్నెండు. పదిహేను. పేర్లు లేకపోయేసరికి బకెట్టు ఉత్త బకెట్టు అయింది, ఇసుక ఉత్త ఇసుక అయింది. దాని బరువు మొత్తం అతని మీద పడింది. ఇంతకాలం తాను మోసింది ఇంత బరువా అని ఆశ్చర్యమేసింది. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. తొడలు వణుకుతున్నాయి. ఇరవయ్యో బకెట్టుకి, ఎప్పుడూ అడగనిది అడిగాడు. ప్రభువా, ఈ ఒక్కటి నాకోసం. నా దగ్గర ఏమీ లేదు. ఒక పేరు ఇవ్వు, పట్టుకుని దిగుతాను.

దిగుతుంటే పేరు వచ్చింది. గున్నేశ్వరరావు.

అతను దాన్ని పక్కకి తోసేశాడు. ఇది కాదు. బకెట్టు సగమే నిండింది. మళ్ళీ దిగాడు. మళ్ళీ అదే పేరు. అది పిలిచినట్టు లేదు, గద్దించినట్టూ లేదు. గుమ్మంలో వచ్చి నిలబడి, లోపలికి రమ్మనేదాకా ఆగిన మనిషిలా ఉంది. శాంతికుమార్ దాన్ని గుమ్మంలోనే ఉంచి, ఒట్టి చేతులతో ఇంకో ఆరు బకెట్లు తోడాడు.

ఇరవై ఎనిమిదో బకెట్టుకి దిగినప్పుడు ఛాతీలో బిగువు ఒక్కసారిగా సడలింది. హాయిగా అనిపించింది. నీళ్ళు పచ్చగా, మరీ పచ్చగా, లేత నారుమడి రంగులోకి మారాయి. ఆ పచ్చదనం మధ్యలో తల్లి రత్తమ్మ చీర ఎగదోపుకుని, నడుం వంచి, వెనక్కి వెనక్కి నడుస్తూ నాట్లు వేస్తోంది. ఆమె వేళ్ళు నీళ్ళని తాకినచోటల్లా చిన్న చిన్న సుడులు లేస్తున్నాయి. పెదాలు కదులుతున్నాయి. పేర్లు చెబుతోంది. వాళ్ళ పేట పేర్లు, చచ్చిపోయినవాళ్ళవి, పుట్టబోయేవాళ్ళవి. యేసోబు అంది. తర్వాత గున్నేశు అంది, ఏమీ విశేషం కానట్టు, రోజూ చెప్పే పేరే అయినట్టు.

"అమ్మా, వాడెందుకు?" అన్నాడు.

రత్తమ్మ తల ఎత్తలేదు. "చేను పొడుగ్గా ఉంది నాన్నా. మధ్యలో ఖాళీ వదిలితే అక్కడ కలుపు మొలుస్తుంది. నాటేసుకుంటూ పో" అంది.

ఎక్కడో పైన రైలు పోతోంది. పాదాల కింద ఇసుక వణికింది. ఇక్కడే ఉండిపోతే బాగుండుననిపించింది. ఏ నొప్పీ లేదు. అమ్మ దగ్గరే ఉంది. వెనక్కి నడుస్తూ వెళ్ళిపోతోంది. శాంతికుమార్ నోరు తెరవకుండానే, ప్రభువా, గున్నేశ్వరరావు, అన్నాడు. క్షేమంగా చేర్చు.

ఆ మాటతో పచ్చదనం చీలింది. ఊపిరి లేని ఛాతీ భగ్గుమంది. తాడు కోసం చెయ్యి చాపాడు, దొరకలేదు. గెడ ఎటుందో తెలియలేదు. పైనుంచి, తేనెరంగు వెలుతురులోంచి ఒక మనిషి ముఖం తలకిందులుగా దిగుతూ వచ్చింది. బుగ్గలు ఉబ్బి, కళ్ళు ఇంతింత చేసుకుని, భయంతో వికారంగా ఉంది. అంత అందమైన ముఖం శాంతికుమార్ జన్మలో చూడలేదు.

తెలివి వచ్చేసరికి పడవ అడుగున తడి ఇసుక మీద పడుకుని ఉన్నాడు. దగ్గుతున్నాడు. గున్నేశ్వరరావు అతని వీపు మీద అరచేత్తో చరుస్తున్నాడు.

"బావా, బావా, ఊపిరి తియ్యి బావా. తియ్యి."

"తీస్తున్నాన్రా" అన్నాడు శాంతికుమార్.

గున్నేశ్వరరావు అంచుకి చేరగిలబడి ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

"నువ్వు తాడు గుంజలేదు. ప్రతిసారీ అంకెలు లెక్కపెడుతున్నాను. ముప్పై దాటకముందే గుంజుతున్నావు. ఈసారి నలభై అయింది, యాభై అయింది. ఇంక ఆగలేకపోయాను."

"ఆరేళ్ళయింది కదా నువ్వు దిగి."

"ఆయ్." ముఖం తుడుచుకున్నాడు. "ఆ రోజు ఫోన్లో ఉన్న మాట నిజమే బావా. జనం చెప్పేది అబద్ధం కాదు. మా అమ్మ మందు పేరు చెబుతోంది. అర్థం కాక మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాను. అంతే. అంత చిన్న మాట. నీకెప్పుడూ చెప్పలేదు. ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

శాంతికుమార్ ఆకాశంలోకి చూస్తూ పడుకున్నాడు. చెయ్యి చాపితే గున్నేశ్వరరావు మోకాలు తగిలింది. దాని మీద చెయ్యి అలాగే ఉంచాడు. పడవ నెమ్మదిగా ఊగుతోంది.

"వెనక్కి తిప్పేస్తాను" అన్నాడు గున్నేశ్వరరావు చివరికి.

"ఇరవై ఏడు బకెట్లతోనా? కాసేపు కూర్చోనీ, మళ్ళీ దిగుతాను."

"చంపుతాను దిగావంటే. నేను దిగుతాను. నువ్వు తాడు పట్టు. లాగగలవా?"

"లాగుతానో లేదో ప్రభువుకే తెలియాలి" అని శాంతికుమార్ లేచి కూర్చున్నాడు.

గెడ పట్టుకున్న గున్నేశ్వరరావు ఒక కాలు నీళ్ళలో పెట్టి ఆగాడు. "యేసోబు చెప్పేవాడు, నువ్వు లోపల ఏదో అనుకుంటావని. ఏమనుకుంటావు?"

"పేర్లు. ఒక్కో బకెట్టుకి ఒకరు."

"నాకు మీ ప్రార్థనలు రావు బావా."

"పేరు వస్తుంది కదా. అది చాలు."

గున్నేశ్వరరావు దిగాడు. శాంతికుమార్ తాడుని అరచేతులకి చుట్టుకుని, చూపు దాని మీంచి కదల్చకుండా కూర్చున్నాడు. తాడు కదిలింది. పాదాలు పడవ పక్కకి తన్నిపెట్టి లాగాడు. మొదటి రెండు బారలకే కళ్ళు చీకట్లు కమ్మాయి. భుజాల్లో బలం అయిపోయింది. అయిపోయినచోట ప్రభువా అన్నాడు. ఇంకో బార వచ్చింది. మళ్ళీ అన్నాడు, మళ్ళీ ఒక బార. అలా అడిగినప్పుడల్లా అడిగినంతే వచ్చింది, దాచుకోవడానికి ఒక్క పిసరు మిగలలేదు. బకెట్టు అంచు దాటి పడవలో పడింది.

గున్నేశ్వరరావు తల నీళ్ళ పైకి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"యేసోబు పేరు అనుకున్నాను" అన్నాడు. "చచ్చినోళ్ళకి పనిచేస్తుందో లేదో తెలీదు."

"ఇంకో బకెట్టు తియ్యి" అన్నాడు శాంతికుమార్. అంతకంటే మాట్లాడితే ఏడ్చేసేవాడు.

ఆ తర్వాత పేర్లు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. ఇడ్లీలమ్మే ఆవిడ ముఖం ఆవిరిలోంచి బయటికి వచ్చింది. కండక్టరు వచ్చాడు, బడి పంతులుగారు వచ్చారు. ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి పడవ సగం దాటి కాస్త నిండింది.

రేవులో తబిత పడవని చూస్తూనే నీళ్ళ అంచుకి వచ్చింది. ఇంజను దగ్గర ఎవరున్నారో కనిపించగానే నిలబడిపోయింది. తట్ట చేతిలోంచి జారి ఇసుకలో పడింది.

శాంతికుమార్ పడవ దిగి ఆమె దగ్గరికి వచ్చాడు. ఆమె అతని ముఖంలోకి, ఒరుసుకుపోయిన అరచేతుల్లోకి చూసింది.

"ఎవరు దిగారు?"

"మొదట నేను. లోపల తెలివి తప్పింది. వీడు దిగి పైకి తెచ్చాడు. తర్వాతంతా వీడే తీశాడు."

తబిత గున్నేశ్వరరావు వైపు చూసింది. అతని జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. నడుముకి తాడు ఒరుసుకుని ఎర్రటి వాత తేలింది. అతను తల ఎత్తలేదు. మిగతా ఆడవాళ్ళు తట్టలు దించి చూస్తున్నారు.

"నీళ్ళలో దిగావా?" అంది. ఆరేళ్ళలో అతనితో ఆమె అన్న మొదటి మాట.

"దిగానక్కా."

ఆమె కింద పడిన తట్ట ఎత్తి పక్కన పెట్టింది.

"నాకింకా క్షమించడం రాలేదు" అంది. "వచ్చిందని అబద్ధం చెప్పను. ప్రతి ఆదివారం ప్రభువుని అడుగుతున్నాను, ఇమ్మని. ఇంకా ఇవ్వలేదు ఆయన. కాని ఈయన్ని పైకి తెచ్చావు. అది మరిచిపోను."

గున్నేశ్వరరావు తల ఊపాడు. తబిత భుజం మీది తువ్వాలు తీసి అతని చేతిలో పడేసింది.

"తల తుడుచుకో. ఎండలో తడి తలతో నిలబడితే జ్వరమొస్తుంది."

వేంకటేశ్వర్లు కన్ను నయమయ్యాక కూడా ఆ వేసవంతా తాడు గున్నేశ్వరరావే పట్టాడు. జూన్ చివర్లో వరద మొదలై ఎర్రనీరు వచ్చి, పడవలన్నీ గట్టెక్కాయి. ఆ రోజు తబిత చేపల పులుసు వండి, ముగ్గురికీ సరిపడా అన్నం గట్టు మీదికి పట్టుకొచ్చింది. గున్నేశ్వరరావుకి వడ్డించేటప్పుడు ఆమె చెయ్యి కాస్త ఆగింది. తర్వాత తోక ముక్క పక్కన పెట్టి, నడిమి ముక్క వేసింది. కింద నది నిండుగా, మట్టిరంగులో, చప్పుడు లేకుండా పోతోంది. ముగ్గురూ దానివైపు చూస్తూ తిన్నారు.